ఒడీలియే అత్త వంటింటి గీత

మా ఒడీలియే అత్త కారెక్కాలంటే పిల్లలం ముందు ఆవిడ వంటింటి గుమ్మానికి వీపు ఆనించి నిలబడాలి. బూట్లు విప్పాలి. మడమలు చెక్కకి తగలాలి. గడ్డం పైకెత్తామో, నెత్తిన మొట్టికాయ పడేది. ఆ గుమ్మం నిలువుచెక్క మీద ఎర్రరంగుతో ఒక గీత ఉండేది. నేల నుంచి నూట నలభై ఐదు సెంటీమీటర్లు, ఆవిడే స్వయంగా టేపు పెట్టి కొలిచి గీసిన గీత. నెత్తి ఆ గీతకి తగిలితే మనం పెద్దవాళ్లం అయిపోయినట్టు, కారు సీటు మీద నేరుగా కూర్చోవచ్చు. తగలకపోతే ఎత్తుపీటే గతి. మనకి పదేళ్లా పన్నెండేళ్లా, మూతి మీద మీసం వచ్చిందా రాలేదా అన్నది ఆవిడకి అనవసరం.

ఎత్తుపీట అన్నది మేం పిల్లలం పెట్టుకున్న పేరు. దుకాణంలో దాన్ని బూస్టర్ సీటు అంటారు. ప్లాస్టిక్ పీట, పైన మెత్త, పక్కన బెల్టు దూర్చే కొక్కేలు. అందులో మంత్రమేమీ లేదు. కారు బెల్టు పెద్దవాళ్ల ఒంటికి తయారుచేసినది కాబట్టి పిల్లని కాస్త పైకి లేపితే తప్ప అది పడాల్సిన చోట పడదు, అంతే. ఆ మాత్రం సంగతి కోసం మా అత్త కొండ మీద సగం మందితో పోట్లాడింది.

ఆవిడ మా నాన్నకి అక్క. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే గుండె మా ఇంట్లో ఎవరికీ లేదు. కింద తుర్రియాల్బా పట్నంలో ఆస్పత్రి అత్యవసర విభాగంలో ఇరవై రెండేళ్లు స్ట్రెచర్లు తోసింది, నేల కడిగింది, ఏడ్చే తల్లుల్ని పట్టుకుని కూర్చుంది. రిటైరయ్యాక సాంతా క్రూస్ పైన మా కొండకి తిరిగొచ్చి, ఒక పాత కారు కొంది. దాని లేత ఆకుపచ్చ అచ్చం సీమవంకాయ రంగు. కాబట్టి ఊరంతా దాన్ని సీమవంకాయ అనే పిలిచేది. మా కొండ మీద ఉన్నవి పన్నెండు ఇళ్లు, లెక్కలేనన్ని ఆవులు, రోజూ పొగమంచు. బడి సాంతా క్రూస్‌లో ఉంది, కొండ దిగి వెళ్లాలి. పిల్లల్ని బడికి దింపే పని అత్త నెత్తినేసుకుంది.

ఆవిడకి ఈ లోకంలో ఒకటే పట్టుదల. తన కారెక్కిన పిల్ల ఎవరూ ఆ ఆస్పత్రి తలుపులోంచి స్ట్రెచర్ మీద లోపలికి వెళ్లకూడదు. ఎందుకో ఒక్కసారే చెప్పింది. ఒక తొమ్మిదేళ్ల పిల్లాడిని తీసుకొచ్చారట. పొట్ట మీద అడ్డంగా నల్లటి వాత, బెల్టు వెడల్పు. వాళ్లమ్మ వెంట పరిగెడుతూ, బెల్టు పెట్టానమ్మా, పెట్టానమ్మా అంటూనే ఉందట. బెల్టు పెట్టింది నిజమే. కానీ అది తుంటి ఎముక మీద పడలేదు, పొట్ట మీద పడింది. ఆ పిల్లాడు ఏమయ్యాడని నేను అడిగాను. అత్త లేచి వెళ్లి పొయ్యి మీద బెల్లం నీళ్లు కలిపింది.

కారు కొన్న మొదటి నెలలోనే, వెనక మధ్య సీటుకి భుజం పట్టీ లేదని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి వేయించింది. వెనక ముగ్గురు, ముందు ఎవరూ లేరు. నాలుగో పిల్ల వస్తే రెండో ట్రిప్పు వేసేది తప్ప ఇరికించేది కాదు. మా పక్కింటి ఎవేలియో మామ తన జీపులో తొమ్మిది మందిని ఎక్కించుకునేవాడు. ముగ్గురు సీటు మీద ఇరుక్కుని, ఇద్దరు ఒకరి ఒళ్లో ఒకరు, ముగ్గురు వెనక నిలబడి, ఒకడు డ్రైవరు పక్కన గేరు రాడ్డు మీద కాళ్లేసుకుని. మనిషి మంచివాడే కానీ నోరు ఊరుకోదు. మీ అత్త పిల్లల్ని బడికి పంపుతోందా, చంద్రమండలానికి పంపుతోందా అని కనపడినప్పుడల్లా అడిగేవాడు. అత్త కిటికీ దించి, నువ్వు పిల్లల్ని తోలుతున్నావా, పందుల్ని తోలుతున్నావా అని అడిగి, మళ్లీ కిటికీ ఎత్తేసేది.

ఆ పొద్దులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు నిండుతుంది. పాలక్యాన్ల చప్పుడు, తడిసిన గడ్డి వాసన, మొక్కజొన్న రొట్టెలో చుట్టిన మా ఊరి జున్ను చేతిలో వెచ్చగా. సీమవంకాయ లోపల ఎప్పుడూ తడి ఉన్ని వాసన. నేను కిటికీ పక్కన, మధ్యలో ఫియొరెల్లా, అటు చివర వాళ్లన్న రాండల్. ఫియొరెల్లాకి ఆరేళ్లు, రాండల్‌కి ఎనిమిది. మేం కూర్చున్నాక అత్త ఒక్కొక్కరి తలుపు తెరిచి, బెల్టు కింద రెండు వేళ్లు పెట్టి చూసేది. ఎముక మీద పడిందా? పడింది. మెడకి తగులుతోందా? లేదు. వీపు ఆనిందా? ఆనింది. రోజూ అవే మూడు ప్రశ్నలు, అవే మూడు జవాబులు. దారిలో రాండల్ భుజం పట్టీని చంక కింద నుంచి లాక్కుంటే అద్దంలో చూసి కారు ఆపేసేది. ఒకరోజు అలా ఆరుసార్లు ఆపింది. వెనక పాల లారీవాడు హారన్ మీద హారన్. అత్త దిగి వెళ్లి ఆ లారీవాడిని తిట్టి వచ్చింది. రాండల్‌ని మాత్రం తిట్టలేదు. వాడి జబ్బ మీద పట్టీ సర్ది, బుగ్గ గిల్లింది.

నాకు పదకొండేళ్లు వచ్చేవరకు ఇదంతా బాగానే ఉంది. నేను పొట్టిదాన్ని. మా అమ్మవైపు అందరూ పొట్టి, ఏం చేస్తాం. ఐదో తరగతి చివర్లో, నవంబరులో కొలిస్తే నూట నలభై ఒకటి. ఫిబ్రవరిలో ఆరో తరగతి మొదలవుతుంది. ఆరో తరగతి అంటే బడికి మేమే పెద్దలం. అలాంటిదాన్ని ఎత్తుపీట మీద ఊరేగుతూ బడి ముందు దిగడమా? మా తరగతిలో గ్రెట్టెల్ అని ఒకతె ఉండేది, ఎవేలియో మామ జీపులో వెనక నిలబడి వచ్చేది. ఒకరోజు అందరి ముందూ అడిగింది.

"మీ అత్త నీకు పాలసీసా కూడా ఇస్తుందా సీనియా?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రోజు నుంచి జామకొమ్మ పట్టుకుని వేలాడాను. ఎవరో చెప్పారని పచ్చి గుడ్లు తాగాను. మేజోళ్లలో అట్టముక్కలు మడిచి పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడితే, అత్త మేజోళ్లు కూడా విప్పించింది. గీతకీ నాకూ మధ్య రెండు వేళ్ల మందం. ఆ రెండు వేళ్లు తప్ప నాకు లోకంలో ఇంకేమీ కనపడలేదు.

డిసెంబరు వచ్చింది. మా దగ్గర డిసెంబరు అంటే బోనస్ చేతికొచ్చే నెల, ఇళ్లకి రంగులేసే నెల. కొండ మీద పన్నెండిళ్లలోనూ నిచ్చెనలే. ఒకరిని చూసి ఒకరు. అత్త ఆ ఏడు రంగుతో ఆగలేదు. వంటింట్లో పాత ఎర్ర సిమెంటు నేల ఉండేది, వారం వారం మోకాళ్ల మీద కూర్చుని మైనం రుద్దాలి. మోకాళ్లు పోయాయి, ఇక నావల్ల కాదని టైల్స్ వేయించింది. తోబియాస్ అని మేస్త్రీ వచ్చాడు. పాత నేల పగలగొడితే వారం పని, దాని మీదే సిమెంటు పరిచి టైల్స్ వేస్తే రెండ్రోజులన్నాడు. సరేనంది. నేల లేచేసరికి వంటింటి తలుపు మూసుకోలేదు. తోబియాస్ దాన్ని ఊడదీసి, అడుగు కోసి మళ్లీ బిగించాడు. ఇదంతా నేను పెరటి మెట్టు మీద కూర్చుని జామకాయ తింటూ చూశాను.

తర్వాత రంగు. గుమ్మం చెక్కకి తెల్లరంగు వేసేటప్పుడు అత్త పక్కనే నిలబడింది. ఈ గీత మీద బ్రష్ పడిందంటే నీ చెయ్యి విరుస్తానని రంగులవాడితో చెప్పింది. పాపం వాడు గీతకి టేపు అంటించి, చుట్టూ జాగ్రత్తగా వేశాడు. మా నవంబరు కొలతల పెన్సిలు గుర్తులన్నీ రంగు కింద పోయాయి. గీత మాత్రం తెల్లటి చెక్క మీద మునుపటికన్నా ఎర్రగా కనపడేది. గీతని అంత కాపాడుకున్న మనిషికి నేల సంగతి తట్టలేదు. ఎంత జాగ్రత్త మనిషైనా చూపు ఒక పక్కే ఉంటుంది మరి.

జనవరి చివరి ఆదివారం మమ్మల్ని కొలిచే రోజు. నేను ఏ ఆశా లేకుండానే నిలబడ్డాను. అత్త నా నెత్తి మీద అట్టపుస్తకం ఆనించింది. ఆగింది. తీసి మళ్లీ పెట్టింది. నా మడమలు చూసింది, మేజోళ్లు లేవు. గడ్డం చూసింది, సరిగ్గానే ఉంది. పుస్తకం గీత మీద కూర్చుంది. అత్త కుర్చీ లాక్కుని కూలబడి, ఆప్రాన్‌లో మొహం పెట్టుకుని ఏడ్చింది. సెలవుల్లో పిల్లలు ఇలాగే సాగుతారు, అంతా ఆ జున్ను బలం అంది. తన చేతుల మీద గీత దాటిన మొదటి పిల్లని నేనే అంది.

నేనప్పుడు కిందకి చూశాను. ఏడుస్తున్న మనిషిని చూడలేక చూశానంతే. కోసిన తలుపు అడుగున పచ్చి చెక్క కనపడింది, దానికి రంగు వేయడం మర్చిపోయారు. అది చూడగానే నాకు మొత్తం అర్థమైపోయింది. నేను పెరగలేదు. నేల పెరిగింది.

నోరు తెరిచాను కూడా. కానీ అత్త నన్ను దగ్గరికి లాక్కుని నుదుటి మీద ముద్దు పెట్టింది. తెరిచిన నోరు అలాగే మూసుకున్నాను. కారులో కూర్చోబెట్టి కూడా చూసింది. వీపు సీటుకి ఆనించి కూర్చుంటే నా మోకాళ్లు సీటు అంచు దగ్గర మడత పడలేదు, పడితేనే పీట అక్కర్లేనట్టు. వీపు కొంచెం ముందుకి జరుపుకున్నాను, పడ్డాయి. వీపు ఆనిందా అని అడిగింది. ఆనిందన్నాను. నా జీవితంలో నేనాడిన అబద్ధాల్లో అంత చిన్నది ఇంకోటి లేదు. ఆ సాయంత్రం అత్త పాల పాయసం కాచి పన్నెండిళ్లకీ పంచింది. ఎవేలియో మామ కూడా గిన్నె నాకి, అయితే చంద్రమండలం చేరిపోయావన్నమాట అన్నాడు.

ఫిబ్రవరి నుంచి మే దాకా నేను రాణిని. గ్రెట్టెల్ నోరు పడిపోయింది. కానీ బెల్టు నా మెడని రాసేది. కింది పట్టీ పొట్ట మీదకి ఎక్కేది. రెండు రోజులు ఇబ్బందిగా ఉండి తర్వాత అలవాటైంది. కాళ్లు వేలాడకుండా కిందకి జారి కూర్చోవడం నేర్చుకున్నాను. అత్త పొద్దున్నే వేళ్లు పెట్టి చూసేటప్పుడు ఊపిరి బిగబట్టి నిటారుగా కూర్చునేదాన్ని, కారు కదలగానే జారేదాన్ని. గీత దాటిన పిల్ల కదా, ఆవిడ కూడా అద్దంలో రాండల్ మీదే కన్నేసి ఉంచేది.

మేలో వానలు మొదలయ్యాయి. ఒకరోజు పొద్దున పొగమంచు ఎంత దట్టమంటే, ఇరవై అడుగుల అవతల రోడ్డు లేదు. అత్త నత్త నడకనే నడుపుతోంది. మలుపులో ఒక దూడ, కంచె తెంచుకుని వచ్చిందేమో, రోడ్డు మధ్యలో నిలబడి ఉంది. అత్త బ్రేకు వేసింది. తడి రోడ్డు మీద కారు జారి, పక్కనున్న మట్టిగట్టుకి ముందు భాగం గుద్దుకుంది. దూడకి ఏమీ కాలేదు. ఫియొరెల్లా గట్టిగా ఏడ్చింది. రాండల్ తన జున్ను రొట్టె ఎక్కడ పడిందని వెతికాడు. నాకూ ఏమీ కాలేదనే అనుకున్నాను, ఊపిరి మాత్రం సరిగ్గా అందలేదు.

అత్త దిగి వచ్చి, ఆ ఇద్దరినీ తడిమి, నా తలుపు తెరిచింది. పట్టీ నా పొట్టలో దిగబడి ఉంది. చొక్కా పైకెత్తి చూసింది. అక్కడ బెల్టు వెడల్పున వాత తేలుతోంది. ఆవిడ అరవలేదు. కదలకు తల్లీ అని మెల్లిగా అంది. నాకు నొప్పి కన్నా ఆ మెల్లిగా అన్న మాటకే భయమేసింది. మా అత్త ఎప్పుడూ మెల్లిగా మాట్లాడే మనిషి కాదు.

వెనకే వచ్చిన ఎవేలియో మామ ఒక్క మాట అడగలేదు. తొమ్మిది మంది పిల్లల్నీ రోడ్డు పక్కన దింపి, రాండల్‌నీ ఫియొరెల్లానీ వాళ్లకి అప్పజెప్పి, మమ్మల్ని ఎక్కించుకుని కొండ దిగాడు. గ్రెట్టెల్ వానలో నిలబడి నన్నే చూస్తోంది. అత్త నన్ను తన ఒళ్లో చదునుగా పడుకోబెట్టుకుని, దారి పొడుగునా మా ఆవుల పేర్లు అడిగింది. ఒక్కటి చెప్పడం ఆలస్యమైతే బుగ్గ మీద తట్టేది. ఆస్పత్రి తలుపు దగ్గర స్ట్రెచర్ తెచ్చినామె అత్తతో కలిసి పనిచేసినామె. ఎవరి పిల్ల, ఒడీలియే? అని అడిగింది.

"నా కారులో పిల్ల," అంది అత్త.

పేగు చిరిగింది. ఆపరేషన్ చేసి కుట్టారు. పదకొండు రోజులు పడుకున్నాను. అమ్మ రాత్రింబవళ్లు పక్కనే ఉంది. అత్త రోజూ వచ్చి వరండాలో బల్ల మీద కూర్చునేదట, లోపలికి మాత్రం రాదు. నాన్న చెప్పిన సంగతి ఏమిటంటే, ప్రమాదం జరిగిన సాయంత్రమే అత్త టేపు తీసుకుని గీతని కొలిచింది. కొత్త నేల నుంచి నూట నలభై ఒకటి. అప్పుడు తట్టిందట టైల్స్ సంగతి. గీత మీద అంత పెత్తనం చేశాను, కాళ్ల కింద చూసుకోలేకపోయాను అందట. కారు తాళాలు నాన్న చేతిలో పెట్టేసింది. రాండల్ వాళ్లమ్మ మిరేయా వచ్చి బతిమాలినా వినలేదు. నీ పిల్లల్ని ఎవరితోనైనా పంపు, నాతో వద్దంది. దాంతో ఎవేలియో మామ జీపులో పదకొండు మంది అయ్యారు. ఫియొరెల్లా ఎవరి ఒళ్లోనో కూర్చుని వెళ్తోందని నాన్న చెప్పి, పోనీలే, దేవుడున్నాడు అన్నాడు.

ఆ మాట విని నాకు పేగులు కుట్టిన చోట కాదు, ఇంకెక్కడో నొప్పి పుట్టింది. అందరూ టైల్స్‌ని తిట్టారు, తోబియాస్‌ని తిట్టారు, దూడని కూడా తిట్టారు. అత్త తనని తాను తిట్టుకుంటోంది. నన్ను మాత్రం అందరూ పాపం పాపం అంటున్నారు. నాన్నతో అత్తని పిలుచుకు రమ్మన్నాను. రానంటే, నేనే లేచి వస్తానని చెప్పమన్నాను. వచ్చింది. మంచం కాళ్ల దగ్గరే నిలబడింది. ఎనిమిది రోజుల్లో మనిషి సగమైంది.

"అత్తా, నాకు తెలుసు," అన్నాను.

"ఏం తెలుసు?"

"నేల లేచిందని. నువ్వు కొలిచిన రోజే తెలుసు. తలుపు అడుగు కోసింది చూశాను. వీపు ఆనిందని చెప్పింది కూడా అబద్ధమే."

అత్త మంచం కమ్మీ పట్టుకుని అడిగింది.

"మరి ఎందుకు చెప్పలేదే?"

"నువ్వు సంతోషంతో ఏడ్చావు కదా." ఇంకా దాచడం ఎందుకని మిగతాది కూడా చెప్పేశాను. "గ్రెట్టెల్ ఏడిపిస్తుందని కూడా."

వెంటనే దగ్గరికొచ్చి కౌగిలించుకుంటుందని నేను అనుకున్నాను. అలాంటిదేమీ జరగలేదు. అత్తకి కోపం వచ్చింది. అసలైన కోపం, పాత కోపం.

"చెంప పగలగొడదును. కుట్లున్నాయి కాబట్టి బతికిపోయావు. గ్రెట్టెల్ కోసం చావబోయావా? ఆ దిక్కుమాలిన పిల్ల కోసం?" అని, నా కాళ్ల మీద దుప్పటి విసురుగా లాగింది. "అయినా నీకు పదకొండేళ్లు, నాకు యాభై తొమ్మిది. గీత నాది, నీది కాదు."

వెళ్లిపోయింది. ఇక రాదనుకుని నేను ముసుగు తన్ని ఏడ్చాను. ఆ కోపం చూసినందుకు మాత్రం లోపల ఎక్కడో హాయిగా ఉంది, అది నాకు తెలిసిన అత్త కాబట్టి. మూడో రోజు, నన్ను ఇంటికి పంపేరోజు, చేతిలో కొలత టేపుతో వచ్చింది. దాన్ని నా దుప్పటి మీద పడేసింది. ఇకమీద పిల్లల్ని కొలిచేది నువ్వే, నా కళ్ల మీద నాకు నమ్మకం పోయింది అంది. అబద్ధం ఆడినదాన్ని నన్ను నమ్ముతావా అని అడిగాను.

"అబద్ధం ఎక్కడ దూరుతుందో నీకే బాగా తెలుసు. నువ్వు కొలిస్తే నడుపుతాను. లేకపోతే ఆ కారుని కోళ్లగూడు చేస్తాను."

సీమవంకాయ బాగవడానికి రెండు నెలలు పట్టింది. బెల్టులన్నీ కొత్తవి వేయించింది. చూడటానికి బాగానే ఉన్న పాత ఎత్తుపీటల్ని కత్తితో కోసి మరీ పారేసింది. గుద్దుకున్న కారులో ఉన్న పీటని మళ్లీ వాడకూడదట, ఇంకెవరూ ఏరుకోకూడదట. మూడు కొత్తవి తెచ్చింది. గుమ్మం మీద ఎర్రగీత మీద తనే తెల్లరంగు పులిమింది. నేను ప్రతి నెలాఖరు ఆదివారం టేపు మొన నేలకి నొక్కి పట్టి, ముగ్గురినీ కొలిచేదాన్ని. నన్ను నేను కొలుచుకునేటప్పుడు రాండల్ నెత్తి మీద పుస్తకం పట్టుకునేవాడు. వాడు నాకన్నా కఠినం. నేను కళ్లెగరేసినా, మళ్లీ నిలబడు అనేవాడు. అలా ఆరో తరగతి మిగతా సగమంతా ఎత్తుపీట మీదే బడికి వెళ్లాను. గ్రెట్టెల్ ఒక్కరోజు కూడా ఏమీ అనలేదు. సెప్టెంబరులో వాళ్లమ్మ మా అత్త దగ్గరికి వచ్చి, రెండో ట్రిప్పులో చోటుందా అని అడిగింది. ఉందని చెప్పి అత్త నన్ను పిలిచి, టేపు తెమ్మంది.

ఆ తర్వాత అత్త ఇంకో పన్నెండేళ్లు బండి నడిపింది. కొండ మీద పిల్లలందరూ ఆ వెనక సీటు మీదే పెరిగారు. ఎవేలియో మామ ముసలివాడై, జీపు అమ్మేసి, తన మనవరాలిని అత్త కారు దగ్గరికి తెచ్చి, చంద్రమండలానికి ఒక టికెట్ అన్నాడు. అత్త నవ్వడం నేను మొదటిసారి అప్పుడే చూశానంటే అబద్ధమవుతుంది కానీ, ఆయన మాటకి నవ్వడం మాత్రం అదే మొదలు. ఆవిడ పోయి ఆరేళ్లయింది. ఊరికెళ్తే ఆ మలుపు దగ్గర కారు నెమ్మది చేస్తాను, తడి ఉన్ని వాసన ముక్కుకి తగిలినట్టే ఉంటుంది. కానీ నాకు అన్నిటికన్నా బాగా గుర్తున్నది ఆ ఏడాది డిసెంబరే.

ఆరో తరగతి పూర్తయిన పండగ. సర్టిఫికెట్లు ఇస్తారు. అమ్మ నాకు తెల్లగౌను కుట్టించింది, గంజి పెట్టి ఇస్త్రీ చేసి. నవంబరు చివరి ఆదివారం నా కొలత నూట నలభై నాలుగున్నర. అత్త పొద్దున్నే సీమవంకాయ తుడిచి మా వాకిట్లో ఆపింది. తనూ మంచి బట్టలు వేసుకుంది, పెదాలకి రంగు కూడా. నన్ను పై నుంచి కింద దాకా చూసింది. వెనక తలుపు తెరిచి, ఎత్తుపీట తీసి చేతిలో పట్టుకుంది. ఎటో చూస్తూ అంది.

"ఈ ఒక్కరోజుకి వద్దులే. గౌను నలిగిపోతుంది. అర సెంటీమీటరేగా, నేను మెల్లిగా నడుపుతాను. చాలా పడ్డావు తల్లీ."

మా అత్త ఈ మాట అనగలదని నేను కలలో కూడా అనుకోలేదు. బిషప్పుగారి మేనల్లుడికే ఎత్తుపీట వేసిన మనిషి. నా మీద ప్రేమ ఆవిడని అక్కడి దాకా తెచ్చిందని నాకు అర్థమైంది. నేను ఇప్పుడు సరే అంటే, ఆవిడ మళ్లీ తనని తాను ఎప్పటికీ నమ్ముకోలేదని కూడా అర్థమైంది.

"ఇంకా లేదత్తా," అన్నాను.

పీట ఆవిడ చేతుల్లోంచి తీసుకుని నేనే సీటు మీద పెట్టాను. గౌను కుచ్చెళ్లు ఒక పక్కకి ఒత్తి ఎక్కి కూర్చున్నాను. వీపు ఆనించాను. బెల్టు కొక్కెంలో దూర్చి, తుంటి ఎముక మీదకి లాగి, టక్‌మని పెట్టాను. అత్త తలుపు పట్టుకుని అలాగే నిలబడి ఉంది. ఎప్పటిలా వంగి రెండు వేళ్లు చాపబోయింది. నా మొహం చూసింది. చెయ్యి వెనక్కి తీసుకుని, తలుపు వేసి, వెళ్లి కారు స్టార్ట్ చేసింది. ఆ రోజు నుంచి బతికినన్నాళ్లూ నా బెల్టు ఆవిడ మళ్లీ సరిచూడలేదు.